డిస్క్ నిండింది, ఆర్కైవులు మాత్రం పోకూడదు: టెర్మినల్ నుంచే ఖాళీ చేసుకోవడం ఎలా

"నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్న లైను కనబడగానే ముందు టెన్షన్ వస్తుంది, ఆ వెంటనే వేళ్లు ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం కమాండ్ మీదికి వెళ్తాయి. అక్కడే ఒక్క నిమిషం ఆగండి. మామూలు ఫైలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, కానీ ఆర్కైవ్ చేసి పెట్టినవంటే ఎప్పుడో అవసరం పడతాయని దాచుకున్నవి, చాలాసార్లు వాటికి ఇంకో కాపీ ఉండదు.

ఐదారేళ్ల ఫొటోలున్న ఫోల్డర్‌ని టార్ చేయడానికి, అంటే అన్నిటినీ ఒకే ఫైలుగా కట్టడానికి, ఒక స్క్రిప్ట్ పెట్టి రాత్రి పడుకున్నాను, పొద్దున్న చూస్తే టార్ ఫైలు కనబడింది, సరే అయిపోయిందనుకుని అసలు ఫోల్డర్ తీసేశాను. మధ్యలో డిస్క్ నిండి టార్ ఆగిపోయిందని, నా దగ్గర మిగిలింది సగం ఫైలేనని నెలల తర్వాత విప్పబోయినప్పుడు "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్" అని వస్తే తెలిసింది. ఆ రెండో సగంలోని ఫొటోలు ఇప్పటికీ లేవు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలో వరస ఒకటే: ముందు కొలవాలి, తర్వాత సరిచూడాలి, తీసేయడం అన్నిటికన్నా ఆఖరున.

ఇదంతా లైనక్స్ టెర్మినల్ గురించి. కమాండ్లని పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. ఫోల్డర్ల పేర్లు ఉదాహరణకే, మీవి పెట్టుకోండి. సిస్టమ్ ఫోల్డర్ల జోలికి వెళ్లే కమాండ్లకు ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) కావాలి.

మొదటి పని: ఏ డిస్క్ నిండిందో చూడండి

డీఎఫ్ -హెచ్

ఇందులో యూజ్ శాతం ఉన్న కాలమ్, చివర్లో మౌంటెడ్ ఆన్ (ఆ డిస్క్ ఏ ఫోల్డర్ కింద కనబడుతుందో) అనే కాలమ్, ఈ రెండూ చాలు. సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ నిండితే, మీ ఫైళ్లు ఉండే హోమ్ పార్టిషన్లో ఎంత తీసేసినా లాభం లేదు, రెండూ వేరు వేరయితే. చాలామంది గంటలు గంటలు వేరే పార్టిషన్ శుభ్రం చేసి, ఎర్రర్ ఎందుకు పోవడం లేదో తెలియక తల పట్టుకుంటారు.

డీఎఫ్ 30 జీబీ ఖాళీ ఉందని చెబుతున్నా కొత్త ఫైలు తయారు కావడం లేదంటే డీఎఫ్ -ఐ కొట్టండి. అది ఐనోడ్ల లెక్క, అంటే ఫైళ్ల వివరాలు రాసుకునే నమోదుల లెక్క. ప్రతి ఫైలుకీ ఒక ఐనోడ్ కావాలి, ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) లో వాటి సంఖ్య డిస్క్ ఫార్మాట్ చేసినప్పుడే తేలిపోతుంది, చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే చోటు ఉండి కూడా ఐనోడ్లు అయిపోతాయి. అప్పుడు పెద్ద ఫైళ్లు వెతకడం దండగ, చిన్నవాటి గుంపునే టార్‌లోకి చేర్చాలి.

ఆర్కైవులకే విడిగా ఒక ఈఎక్స్‌టీ4 డిస్క్ పెట్టుకున్నవాళ్లు ఏ ఫైలూ ముట్టకుండానే కొంత చోటు సంపాదించొచ్చు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (అంటే అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ నడిచే పార్టిషన్లో అది ఉండాల్సిందే, నిండిపోయినా రూట్‌గా లాగిన్ అయి బాగుచేసుకోవడానికి అదే ఆధారం. కానీ 4 టీబీ డేటా డిస్క్‌లో 5 శాతమంటే దాదాపు 200 జీబీ. దాన్ని 1 శాతానికి తగ్గించొచ్చు:

సుడో ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్ 1 /డెవ్/ఎస్‌డీబీ1

చివరి పేరు మీ డిస్క్‌ది, డీఎఫ్ చూపించిన మొదటి కాలమ్‌లో ఉంటుంది. డిస్క్ మౌంట్ అయి ఉండగానే చేయొచ్చు. రూట్ పార్టిషన్ మీద మాత్రం చేయకండి.

రెండో పని: చోటు ఎవరు తింటున్నారో పట్టుకోండి

డీయూ -ఎక్స్‌హెచ్ -డీ 1 /డేటా | సార్ట్ -హెచ్

మధ్యలోని నిలువు గీత పైపు, ఒక కమాండ్ ఇచ్చినదాన్ని తర్వాతి కమాండ్‌కి పంపుతుంది. అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్ చివరి లైన్లలో వస్తుంది. దాంట్లోకి వెళ్లి మళ్లీ ఇదే కమాండ్, మళ్లీ లోపలికి. ఎక్స్ పెట్టడం మరిచిపోకండి, అది లేకపోతే మౌంట్ చేసిన వేరే డిస్కుల్లోకి కూడా వెళ్లి లెక్కంతా కలిపేస్తుంది. ఇదే పని బాణం మీటలతో హాయిగా చేయాలంటే ఎన్‌సీడీయూ అనే ప్రోగ్రామ్ ఉంది, ఇన్‌స్టాల్ చేయడానికి చోటు మిగిలుంటే వాడండి, నాకు చాలా ఇష్టం. ఒక్కటే జాగ్రత్త, అందులో డీ అక్షరం నొక్కితే డిలీట్.

విడివిడిగా పెద్ద ఫైళ్లు కావాలంటే:

ఫైండ్ /డేటా -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -సైజ్ +1జీ -ఎల్‌ఎస్

ఇక్కడ 1 పక్కన జీ పెద్దక్షరం. ఒక జీబీ దాటినవన్నీ తేదీలతో సహా వస్తాయి. ప్లస్ బదులు మైనస్ పెడితే ఒక జీబీ కన్నా చిన్నవన్నీ వస్తాయనుకుంటారు, రావు. ఫైండ్ సైజుని పైకి గుండ్రం చేసి లెక్కేస్తుంది కాబట్టి -1జీ అంటే బొత్తిగా ఖాళీ ఫైళ్లు మాత్రమే వస్తాయి.

మూడో పని: ఆర్కైవుల జోలికి వెళ్లకముందే దొరికే చోటు

రూట్ పార్టిషన్ నిండితే ఇది ముందు చేయండి. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకి /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. పేరు చూసి భయపడకండి, అవి మీ ఆర్కైవులు కావు, ఇన్‌స్టాల్ అయిపోయాక మిగిలిన ప్యాకేజీ ఫైళ్లు. సుడో ఆప్ట్ క్లీన్ అంటే పోతాయి, కావాలంటే ఎప్పుడైనా మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. ఫోల్డర్‌నే ఆర్‌ఎం చేయొద్దు. తర్వాత సిస్టమ్ లాగులు: జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్ అంటే ఎంత ఉందో చెబుతుంది, సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్ అంటే పాతవి పోయి దాదాపు 200 ఎంబీ మిగులుతుంది. ఎమ్ పెద్దక్షరం. ఇక ఫైల్ మేనేజర్లో డిలీట్ చేసినవన్నీ చాలా డెస్క్‌టాపుల్లో హోమ్‌లోని .లోకల్/షేర్/ట్రాష్‌లో అలాగే కూర్చుని ఉంటాయి (ట్రాష్‌లో టీ పెద్దక్షరం), అదీ ఒకసారి చూడండి.

నాలుగో పని: ఒకే సరుకు రెండు రూపాల్లో ఉందా?

నా అనుభవంలో ఎక్కువ చోటు దొరికేది ఇక్కడే. ఫొటోలు.టార్.జీజెడ్ ఉంటుంది, దాని పక్కనే ఎప్పుడో విప్పిన ఫొటోలు అనే ఫోల్డరూ ఉంటుంది. రెండింట్లో ఒకటి చాలు. కానీ విప్పాక ఆ ఫోల్డర్లో ఏమైనా మార్చామా, కొత్తవి చేర్చామా అన్నది మనకి గుర్తుండదు, అందుకే ఇన్నాళ్లూ రెండూ ఉంచేశాం. ఆ సంగతి టార్‌నే అడగొచ్చు:

టార్ -డీఎఫ్ ఫొటోలు.టార్.జీజెడ్ -సీ /డేటా

చివరి సీ పెద్దక్షరం, దాని తర్వాత ఇచ్చేది ఫొటోలు అనే ఫోల్డర్ ఎక్కడుందో ఆ చోటు, ఫోల్డర్ లోపలి చోటు కాదు. టార్ ఒక్కో ఫైలునీ ఆర్కైవ్‌లో ఉన్నదానితో పోల్చి చూస్తుంది. అన్నీ కలిస్తే ఏమీ మాట్లాడదు, ప్రాంప్ట్ తిరిగి వస్తుందంతే. తేడా ఉంటే ఇలాంటి లైన్లు వస్తాయి:

ఫొటోలు/2016/ఐఎంజీ_0412.జేపీజీ: సైజ్ డిఫర్స్

మాడ్ టైమ్ డిఫర్స్ అని మాత్రమే వస్తే తేదీ మారిందని, యూఐడీ డిఫర్స్ అంటే ఓనర్ మారాడని, వీటితో పెద్ద ప్రమాదం లేదు. సైజ్ డిఫర్స్, కంటెంట్స్ డిఫర్ అని వస్తే మాత్రం ఆ ఫైలు తెరిచి ఏది సరైనదో చూసుకోవాలి. ఆర్కైవ్ సగంలో తెగిపోయి ఉంటే ఆ ఎర్రర్ కూడా ఇక్కడే బయటపడుతుంది. నేను ఆ రోజు ఈ ఒక్క కమాండ్ కొట్టి ఉంటే సరిపోయేది.

ఇంతటితో అయిపోయిందనుకోకండి, ఇందులో ఒక లోపం ఉంది. టార్ చూసేది ఆర్కైవ్‌లో ఉన్నవి ఫోల్డర్లో ఉన్నాయా అని, అంతే. ఫోల్డర్లో తర్వాత చేర్చిన కొత్త ఫైళ్ల గురించి అది నోరు మెదపదు, మీరు ఫోల్డర్ తీసేస్తే అవి నిశ్శబ్దంగా పోతాయి. అందుకని రెండు వైపులా లెక్కపెట్టండి:

టార్ -టీఎఫ్ ఫొటోలు.టార్.జీజెడ్ | గ్రెప్ -వీ '/$' | డబ్ల్యూసీ -ఎల్

ఫైండ్ /డేటా/ఫొటోలు ! -టైప్ డీ | డబ్ల్యూసీ -ఎల్

రెండు అంకెలూ ఒకటే అయి, పై పోలికలో తేడా ఏమీ రాకపోతే ఫోల్డర్ తీసేయొచ్చు. ఫోల్డర్ వైపు అంకె ఎక్కువుంటే అదనపు ఫైళ్లు ఉన్నట్టే, వాటిని వెతికి పక్కన పెట్టేదాకా ఆగండి. ఈ పోలిక గ్నూ టార్‌లో ఉంది, అంటే దాదాపు అన్ని లైనక్సుల్లో పనిచేస్తుంది, మ్యాక్‌తో వచ్చే టార్‌లో లేదు. జిప్ ఫైళ్లకి అన్‌జిప్ -టీ, సెవెన్‌జిప్‌కి 7జెడ్ టీ ఉన్నాయి, కానీ అవి ఆర్కైవ్ లోపల బాగుందా లేదా అనే చెబుతాయి, ఫోల్డర్‌తో పోల్చవు.

ఐదో పని: పాత ఆర్కైవులని మళ్లీ కుదించడం

.జీజెడ్ ఫైళ్లని కుదించే జీజిప్ వచ్చింది 1992లో. అది ఏ క్షణంలోనైనా వెనక్కి తిరిగి చూసేది 32 కేబీ మాత్రమే, అంతకన్నా దూరంలో అదే సరుకు మళ్లీ వచ్చినా గుర్తుపట్టలేదు. ఒకే ఫైలు టార్‌లో రెండు చోట్ల ఉంటే రెండుసార్లూ కొత్తదన్నట్టే చోటు తీసుకుంటుంది. 2016లో వచ్చిన జెడ్‌స్టాండర్డ్‌కి (కమాండ్ పేరు జెడ్‌ఎస్‌టీడీ) లాంగ్ ఆప్షన్ ఇస్తే 128 ఎంబీ దాకా వెనక్కి చూస్తుంది. అందుకే లాగులు, డేటాబేస్ డంపులు, సీఎస్‌వీలు, సోర్స్ కోడ్ లాంటివి మళ్లీ కుదిస్తే చోటు బాగా మిగులుతుంది. ఫొటోలు, వీడియోలు, ఎంపీ3లు ఇప్పటికే కుదించి ఉంటాయి, వాటి మీద గంటలు ఖర్చుపెట్టినా దక్కేది దాదాపు ఏమీ ఉండదు, వదిలేయండి.

జెడ్‌క్యాట్ లాగ్స్.టార్.జీజెడ్ | జెడ్‌ఎస్‌టీడీ -19 -టీ0 --లాంగ్ -ఓ లాగ్స్.టార్.జెడ్‌ఎస్‌టీ

టీ0 లో టీ పెద్దక్షరం, ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకోమని దాని అర్థం. 19 అంటే నెమ్మదిగానే కానీ గట్టిగా నొక్కుతుంది. పెద్ద ఫైలైతే మెమరీ కూడా బాగా తీసుకుంటుంది, మిషన్ ఇబ్బంది పడుతుంటే 19 బదులు 12 పెట్టండి.

అయ్యాక పాతది తీసేసే ముందు రెండింటినీ విప్పి లోపలి సరుకు బైటు బైటూ ఒకటేనా చూడాలి. డిస్క్ మీద విప్పక్కర్లేదు, పైపులోంచి పంపితే చాలు:

జెడ్‌క్యాట్ లాగ్స్.టార్.జీజెడ్ | షా256సమ్

జెడ్‌ఎస్‌టీడీక్యాట్ లాగ్స్.టార్.జెడ్‌ఎస్‌టీ | షా256సమ్

రెండు పొడుగాటి అక్షరాల వరసలూ అచ్చంగా ఒకటే అయితే పాతది ఆర్‌ఎం చేయండి. కంటితో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసినా సరిపోతుంది. ఈ పరీక్ష చెప్పేది రెండూ ఒకటే అని మాత్రమే, అసలు పాతదే సగం ఫైలైతే రెండూ ఒకే రకంగా సగమే ఉంటాయి. కాబట్టి మొదట జీజిప్ -టీ కొట్టి పాత ఫైలు బాగుందో లేదో తేల్చుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి.

గుర్తుంచుకోవాల్సిన తేడా ఇంకోటి ఉంది. జీజిప్, ఎక్స్‌జెడ్ (ఇంకో కుదింపు ప్రోగ్రామ్) రెండూ పని అయ్యాక అసలు ఫైలుని వాటంతట అవే తీసేస్తాయి, ఉంచాలంటే -కె పెట్టాలి. జెడ్‌ఎస్‌టీడీ మామూలుగా ఉంచుతుంది, --ఆర్‌ఎం అని చెబితేనే తీస్తుంది. నేను దాన్ని అలాగే ఉంచనిచ్చి, చూసుకున్నాక చేత్తో తీస్తాను. చోటు తక్కువున్నప్పుడు చిన్న ఆర్కైవులతో మొదలుపెట్టండి, ఒక్కోటి అయ్యేకొద్దీ కొంచెం కొంచెం ఖాళీ పెరిగి పెద్దవాటికి దారి అవుతుంది. అన్నిటికన్నా పెద్దదాంతో మొదలుపెడితే మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ సగం ఫైలు. ఇంకొక మాట, జెడ్‌స్టాండర్డ్ ఫైళ్లని నేరుగా విప్పడం గ్నూ టార్ 1.31 నుంచి వచ్చింది, మీ ఆర్కైవ్ ఏ పాత సర్వర్ మీదో విప్పాల్సి వస్తుందనుకుంటే ఎక్స్‌జెడ్ వాడండి.

ఆరో పని: కుదించడానికి కూడా చోటు లేనప్పుడు

డిస్క్‌లో 2 జీబీ ఉంది, ఆర్కైవ్ చేయాల్సిన ఫోల్డర్ 80 జీబీ. ఇక్కడ టార్ చేసి తర్వాత కాపీ చేద్దామంటే కుదరదు, ఆర్కైవ్ ఇక్కడ పుట్టకుండా నేరుగా వేరే మిషన్లోనే పుట్టాలి:

సెట్ -ఓ పైప్‌ఫెయిల్

టార్ -సీఎఫ్ - ప్రాజెక్టులు | జెడ్‌ఎస్‌టీడీ -టీ0 | ఎస్‌ఎస్‌హెచ్ బ్యాకప్ 'క్యాట్ > /స్టోర్/ప్రాజెక్టులు.టార్.జెడ్‌ఎస్‌టీ'

ఎఫ్ తర్వాత విడిగా ఉన్న గీతకి అర్థం, ఫైలులో రాయకుండా పైపులోకి పంపమని. ఎస్‌ఎస్‌హెచ్ నెట్‌వర్క్ మీదుగా ఇంకో మిషన్లో కమాండ్ నడుపుతుంది, బ్యాకప్ అన్న చోట ఆ రెండో మిషన్ పేరు. మొదటి లైను ఎందుకంటే, మామూలుగా పైపులో చివరి కమాండ్ సరిగ్గా ముగిస్తే మొత్తం సరిగ్గా అయినట్టే బ్యాష్ (టెర్మినల్లో మీ కమాండ్లని నడిపే ప్రోగ్రామ్) లెక్కేస్తుంది, మధ్యలో టార్ పడిపోయినా చెప్పదు. పైప్‌ఫెయిల్ పెడితే ఏది పడిపోయినా తెలుస్తుంది, ముగిసిన వెంటనే ఎకో $? అని కొడితే 0 రావాలి, ఇంకేది వచ్చినా ఆ ఫైలుని నమ్మకండి.

సరిచూడడం ఎదురు దిక్కులో అదే పైపు:

ఎస్‌ఎస్‌హెచ్ బ్యాకప్ 'జెడ్‌ఎస్‌టీడీక్యాట్ /స్టోర్/ప్రాజెక్టులు.టార్.జెడ్‌ఎస్‌టీ' | టార్ -డీఎఫ్ -

ఇది కూడా ప్రాజెక్టులు అనే ఫోల్డర్ ఉన్న చోట నిలబడే కొట్టాలి. సరుకంతా నెట్‌వర్క్ మీద వెనక్కి వస్తుంది కాబట్టి టైమ్ పడుతుంది, పడనివ్వండి. తేడా ఏమీ రాకపోతేనే ఇక్కడి ఫోల్డర్ తీయండి.

ఇప్పటికే తయారై ఉన్న ఆర్కైవులని తరలించడానికైతే ఫైళ్లని ఇంకో మిషన్‌కి కాపీ చేసే ఆర్‌సింక్ చాలు. పంపే ముందు ఫోల్డర్లో షా256సమ్ *.టార్.జెడ్‌ఎస్‌టీ > జాబితా అని ఒక ఫైలు తయారు చేసి, దాన్ని కూడా పంపి, అటువైపు షా256సమ్ -సీ జాబితా కొడితే ప్రతి ఫైలు పక్కనా ఓకే రావాలి. ఆర్‌సింక్‌కి --రిమూవ్-సోర్స్-ఫైల్స్ అనే ఆప్షన్ ఉంది, పంపిన ఫైలుని పంపినట్టే ఇక్కడ తీసేస్తుంది. సౌకర్యమే, కానీ ఆర్కైవులకి నేను వాడను, మీరూ వాడకపోతే మంచిది. సరిచూసే పని మీ చేతిలోంచి పోతుంది. పైగా తరలించాక ఉండేది ఒక్క కాపీయే, అటు డిస్క్ పోతే అన్నీ పోయినట్టే. ముఖ్యమైనవాటికి రెండో చోటు చూసుకున్నాకే ఇక్కడివి తీయండి.

ఏడో పని: డూప్లికేట్లు, చిన్న ఫైళ్ల గుంపులు

ఎఫ్‌డూప్స్ -ఆర్‌ఎస్ /డేటా అంటే పేరు వేరైనా లోపల ఒకటే ఉన్న ఫైళ్లని జట్లుజట్లుగా చూపిస్తుంది, ఎస్ పెద్దక్షరం. చూసి మీరే నిర్ణయించండి, అడక్కుండా తీసేసే ఆప్షన్ జోలికి వెళ్లకండి. రెండు చోట్లా పేరు ఉండాలనుకుంటే హార్డ్‌లింక్ (ఒకే సరుకుకి రెండు పేర్లు) చేయొచ్చు, చోటు ఒక్కదానిదే పడుతుంది. కానీ ఒకదాన్ని అక్కడికక్కడే మారిస్తే రెండోది కూడా మారుతుంది కాబట్టి ఇక మార్చబోని ఫైళ్లకే ఇది.

చిన్న ఫైళ్ల సంగతి వేరు. ఈఎక్స్‌టీ4 లో మామూలుగా చోటు 4 కేబీ ముక్కల్లో ఇస్తారు, 100 బైట్ల ఫైలు కూడా ఒక ముక్క మొత్తం పట్టుకుంటుంది. అలాంటివి 10 లక్షలుంటే అసలు సరుకు 100 ఎంబీ, డిస్క్ మీద దాదాపు 4 జీబీ. డీయూ -ఎస్‌హెచ్ ఒకసారి, డీయూ -ఎస్‌హెచ్ --అపారెంట్-సైజ్ ఒకసారి కొట్టి చూడండి, రెండింటి మధ్య దూరం ఎక్కువుంటే ఆ ఫోల్డర్‌ని టార్ చేస్తే, కుదించకపోయినా, చోటు మిగులుతుంది.

ఆఖరి పని: తీసేయడం

ఫైండ్‌తో తీసేటప్పుడు ముందు -ప్రింట్ పెట్టి నడిపి జాబితా మొత్తం చదవండి, తర్వాత అదే లైన్లో ప్రింట్ ఉన్న చోట -డిలీట్ పెట్టండి. డిలీట్ ఎప్పుడూ లైను చివర్లోనే ఉండాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుతూ పోతుంది, డిలీట్‌ని పేరు, సైజు షరతుల కన్నా ముందు పెడితే షరతులు చూడకుండానే అన్నీ తీసేస్తుంది. ఆర్‌ఎం వాడేటప్పుడు నక్షత్రం గుర్తు ఉంటే ముందు అదే లైనుని ఆర్‌ఎం బదులు ఎల్‌ఎస్ -డీ తో కొట్టి ఏవేవి వస్తున్నాయో చూడండి. దారి మధ్యలో అనవసరమైన స్పేస్ పడిందా అని కూడా చూడండి, ఒక్క స్పేస్‌తో ఒక ఫోల్డర్ పేరు రెండు వేరు వేరు పేర్లుగా మారిపోతుంది.

తీశాక మళ్లీ డీఎఫ్ -హెచ్. అంకె కదలకపోతే కంగారు పడకండి, కారణాలు కొన్నే. ఆ ఫైలుకి ఇంకో చోట హార్డ్‌లింక్ ఉండొచ్చు, అది ఉన్నంతకాలం చోటు విడుదల కాదు. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలుని తెరిచి పట్టుకుని ఉండొచ్చు, అప్పుడు పేరు పోతుంది కానీ చోటు ఖాళీ కాదు, ఇవి సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 కొడితే కనబడతాయి, ఎల్ పెద్దక్షరం. అక్కడ కనబడిన ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేస్తే ఖాళీ వచ్చేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ (ఇవి వేరే ఫైల్ సిస్టమ్‌లు) వాడుతుంటే పాత స్నాప్‌షాట్లు, అంటే డిస్క్ అప్పటి స్థితిని దాచిన కాపీలు, ఆ ఫైలుని పట్టుకుని ఉంటాయి, ఆ స్నాప్‌షాట్ తీసేదాకా ఒక్క ఎంబీ కూడా రాదు. అయితే దాన్ని వెంటనే తీసేయకండి. ఇప్పుడే తీసేసిన ఆర్కైవ్ ఒకవేళ కావాల్సినదని రేపు తేలితే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మిగిలిన దారి ఆ స్నాప్‌షాటే. పని ఆగిపోయేంత ఇరుకు లేకపోతే ఒక వారం ఉండనివ్వండి.